నల్లమల దాటిన మైనం దిమ్మ

రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదనీ, అందులోని రకాలను కణాల్లోని ప్రోటీన్లు పట్టిస్తాయనీ తెలిసిన వైనాన్ని సాధారణంగా ప్రయోగశాలల కథగా చెబుతారు. చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్, లాస్ ఏంజెలెస్‌లో డెనిస్ స్లామన్, స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ పెరూ, ఇలా సాగుతుంది ఆ వరస. అందులో అబద్ధమేమీ లేదు. కాని అదే కథను నల్లమల అంచున నిలబడి, శ్రీశైలం, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డల వైపు నుంచి చూస్తే తేదీలు మారిపోతాయి, ముఖ్యపాత్రలూ మారిపోతాయి. ఈ ప్రాంతపు ఆడవాళ్ళ కణితుల్లో ఆ ప్రోటీన్లు ఎప్పుడూ ఉన్నాయి, లేదా లేవు. ఆ ఉండటం, లేకపోవడం వైద్యుడు చేసే పనిని మార్చగలిగింది మాత్రం చాలా ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని వెనకబాటుతనం అని ఒక్క మాటలో తేల్చేస్తే చరిత్రలో అసలు భాగం జారిపోతుంది. నా వాదన ఇది: ఒక ప్రోటీన్ వైద్యంలో గుర్తుగా నిలబడాలంటే కోసిన ముక్క చెడకుండా పరీక్షకు చేరాలి, వచ్చిన జవాబుకు తగిన మందు ఆ మనిషికి అందాలి. ఈ రెండూ కుదిరిన చోటే గుర్తు పుడుతుంది. కాబట్టి దాని చరిత్రలో ప్రయోగశాలకు ఎంత చోటుందో ఫార్మలిన్ సీసాకు, పేటెంటు కార్యాలయానికి, ఆరోగ్యశ్రీ పరిమితికి కూడా అంతే చోటుంది.

గడ్డలను రకాలుగా విడగొట్టడం మన వైద్యానికి కొత్తేమీ కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానం 11వ అధ్యాయంలో అర్బుదాల వర్ణన ఉంది. గుండ్రంగా, కదలకుండా, లోతైన మూలంతో, మెల్లగా పెరిగే మాంసపు ఉబ్బు అది, చీము పట్టదు. వాత, పిత్త, కఫ, రక్త, మాంస, మేదస్సులను బట్టి ఆరు రకాలు. వీటిలో రక్తార్బుదం, మాంసార్బుదం అసాధ్యాలు. ముందు పుట్టిన చోటే మళ్ళీ పుడితే అధ్యర్బుదం, జంటగా పుడితే ద్విరర్బుదం, అవీ అసాధ్యాలే. ఈ విభజనలో దోషాల సిద్ధాంతాన్ని పక్కన పెట్టి చూస్తే మిగిలేది ఒక ఆచరణాత్మకమైన గీత: కత్తి, క్షారం, నిప్పు పనిచేసేవి ఒకవైపు, ముట్టుకోకూడనివి మరోవైపు. వైద్యుడి చేతిలో ఏముందో దాన్ని బట్టే రకాలు ఏర్పడ్డాయి. శ్రీశైలానికి ఈ విషయంలో ఇంకో పేరుంది. శ్రీపర్వతం రసవాదులకు నిలయమని, సిద్ధ నాగార్జునుడు అక్కడ పాదరసాన్ని సాధించాడని సంప్రదాయం. 7వ శతాబ్దంలో బాణుడు కాదంబరిలో చిత్రించిన ద్రవిడ ధార్మికుడు శ్రీపర్వతపు అద్భుతాలెన్నో చెబుతుంటాడు. పాపం, ఎవడో ఇచ్చిన సిద్ధాంజనంతో ఒక కన్ను పోగొట్టుకున్నాడు, సరిగా తయారుకాని రసాయనం మింగి జ్వరం తెచ్చుకున్నాడు. అన్ని జబ్బులకూ ఒకే మందు అనే ఆశ ఎంత పాతదో, దాన్ని చూసి నవ్వడమూ అంత పాతదే. రసవాదం వెతికింది రకాలు అక్కర్లేని మందును. ఇరవయ్యో శతాబ్దపు క్యాన్సర్ వైద్యం దానికి సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది: మందు దొరికిన ప్రతిసారీ జబ్బు ఇంకో ముక్కగా చీలింది.

ఆ చీలడం 1896లో గ్లాస్గోలో మొదలైందనవచ్చు. జార్జ్ బీట్సన్ అనే శస్త్రవైద్యుడు ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసేస్తే కొందరిలో కణితి కరిగిందని రాశాడు. కొందరిలోనే ఎందుకు? దీనికి జవాబు రావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1950ల చివరి నుంచి జెన్సెన్, అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్‌ను రేడియోధార్మికంగా మార్చి వాడి, దాన్ని పట్టుకునే ప్రోటీన్, అంటే గ్రాహకం, కొన్ని కణితుల్లో ఉంటుందని, కొన్నిట్లో ఉండదని చూపించాడు. ఆ కాలమంతా నంద్యాల వైపు రోగికి దారి ఎటు? కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న నాటి నుంచీ పెద్ద వైద్యం అంటే మద్రాసే. రేడియేషన్ కోసం 1934లో మొదలైన బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్, తర్వాత 1954 నుంచి ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో వెలసిన అడయారు క్యాన్సర్ ఆసుపత్రి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దిక్కు మారింది. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో వచ్చిన రేడియం ఆసుపత్రి, అంటే నేటి ఎం.ఎన్.జె., రాయలసీమకూ దిక్కయింది. 1957లో కర్నూలు వైద్య కళాశాల వచ్చింది. అయినా జెన్సెన్ పరీక్ష ఈ దారిలో ఎక్కడా అడుగు పెట్టలేని పరీక్ష. దానికి తాజా కణితి ముక్క కావాలి, అదీ చిన్న ముక్క చాలదు. కోసిన వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. రేడియోధార్మిక పదార్థంతో కొలవాలి. దోర్నాల ఘాటు దాటేలోపే ముక్క పాడవుతుంది. ప్రోటీన్ కనిపెట్టబడింది, పరీక్ష పుట్టింది, మందూ వచ్చింది: ఆ గ్రాహకాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్‌కు అమెరికాలో 1977 చివర అనుమతి దొరికింది. నల్లమల వరకూ చూస్తే గుర్తు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. పరీక్ష లేకపోయినా టామోక్సిఫెన్ మన దేశంలో ఏళ్ళ తరబడి విరివిగా వాడారు. చవక మాత్ర, పెద్దగా ఇబ్బంది పెట్టదు, కాబట్టి గ్రాహకం ఉందో లేదో చూడకుండానే రాసేవారు. అలాంటప్పుడు గుర్తు అవసరమేముంది అని అడగవచ్చు. మందు చవకైనప్పుడు గుర్తు అక్కర్లేకపోవడం నా వాదనకు దెబ్బ కాదు, బలం. పరీక్ష ఖరీదు మందు ఖరీదును మించితే వైద్యుడు పరీక్షను వదిలేస్తాడు, అంతే. కాని ఆ చవకతనానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. గ్రాహకం లేని కణితి ఉన్న స్త్రీ అయిదేళ్ళు రోజూ మాత్ర మింగినా ఆమె జబ్బు మీద అది పనిచేయదు; వైద్యం నడుస్తోందన్న భరోసా మాత్రం ఇస్తుంది. ఉధృతంగా పెరిగే రకాల వాళ్ళే ఆ మాటున ఎక్కువగా నష్టపోయి ఉంటారు.

పరిస్థితిని మార్చింది మైనం. శరీరపు ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, నీరు తీసేసి, కరిగిన పారఫిన్ మైనంలో దిమ్మగా పోసి, వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి గాజు పలక మీద రంగు వేసి చూడటం 19వ శతాబ్దం నుంచీ ఉన్న పని. ఆ దిమ్మ ఏళ్ళ తరబడి చెడదు, చల్లదనం అడగదు, చేతిసంచిలో బస్సెక్కుతుంది. లోపమల్లా ఒకటే: ఫార్మలిన్, మైనం, వేడి కలిసి ప్రోటీన్ల ఆకారాన్ని ముడిచేస్తాయి, వాటిని వెతికే పదార్థాలు అతుక్కోవు. ఈ ముడి రెండు విడతల్లో విడింది. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే లక్ష్యాన్ని పట్టే ప్రతిదేహాలను కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దానికి పేటెంటు తీసుకోలేదు. 1980లో జెన్సెన్ బృందంలోని జెఫ్రీ గ్రీన్ ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని పట్టే ప్రతిదేహాలు తయారుచేశాడు. రెండో విడత 1991లో. మైనం కరిగించిన పలకను నీటిలో ముంచి మైక్రోవేవ్‌లో మరిగిస్తే ముడిచిన ప్రోటీన్లు మళ్ళీ విప్పుకుంటాయని షాన్-రాంగ్ షీ, అతని సహచరులు చూపించారు. కొద్ది ఏళ్ళకే ఆ పని ప్రెషర్ కుక్కర్‌తోనూ బాగా అవుతుందని తేలింది. ఈ సంగతి నవ్వు తెప్పించవచ్చు గాని, నా దృష్టిలో రొమ్ము క్యాన్సర్ చరిత్రలో ఇది స్టాన్‌ఫర్డ్‌లో పెరూ తీసిన జన్యు చిత్రాలకు తీసిపోని మలుపు. ఎందుకంటే ఆ రోజు నుంచి ముక్క కోసిన చోటు, ముక్క చదివే చోటు వేరు కావచ్చు. నంద్యాలలో కోసిన గడ్డ కర్నూలులోనో హైదరాబాదులోనో వారం తర్వాత తన ప్రోటీన్లను చూపించగలదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రోటీన్లను చూసే మూడు రంగుల పరీక్ష మామూలు పని కావడానికి పునాది అదే.

దిమ్మ నల్లమల దాటగలిగింది నిజమే, దాటిన ప్రతి దిమ్మా నిజం చెప్పిందని కాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2000లో 798 కణితుల లెక్క ప్రకటించారు: ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్నవి 32.6 శాతమే. పాశ్చాత్య దేశాల్లో అప్పటికే మూడింట రెండు వంతులకు పైగా ఉంటాయని తెలుసు. భారతీయ స్త్రీల క్యాన్సర్ పుట్టుకతోనే వేరు, మరింత మొండిది అన్న మాట ఇక్కడి నుంచి బలపడింది. ఆ తర్వాత 2009లో అదే ఆసుపత్రి నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ లెక్కలో గ్రాహకం ఉన్నవి సగం దాటాయి. ఆ కొద్ది కాలంలో స్త్రీల జన్యువులు మారవు. మారింది ముక్కను చూసుకునే తీరు. కోసిన ముక్కను గంటలోపు పది శాతం బఫర్ ఫార్మలిన్‌లో వేయాలి, కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉంచాలి అని అమెరికా వైద్య సంఘాలు మార్గదర్శకంగా రాసింది 2010లో. అంతకు ముందు గడ్డ ఎంతసేపు గాలికి పడి ఉంది, ఫార్మలిన్ చాలినంత పోశారా, పెద్ద రొమ్మును ముక్కలుగా చీల్చకుండా అలాగే ముంచారా అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. అలా పడి ఉన్న ముక్కలో ప్రోటీన్ నశిస్తుంది, రిపోర్టులో లేదు అని పడుతుంది. మూడు ప్రోటీన్లూ లేవని తేలితే ఆ కణితి ట్రిపుల్ నెగటివ్. ఇలా కొంతమంది స్త్రీలకు ఆ పేరు జబ్బు వల్ల కాక, థియేటరు బల్ల మీద గడిచిన గంటల వల్ల అంటుకుంది.

దీనికి గట్టి ప్రత్యుత్తరం ఉంది. 2016లో భారతదేశపు 17 అధ్యయనాలను, 7,237 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణ ట్రిపుల్ నెగటివ్ వాటా 31 శాతమని తేల్చింది. అమెరికాలో అది రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఎనిమిది మందిలో ఒకరి దగ్గర ఉంటుంది. పరీక్షలు మెరుగుపడిన కాలంలో కూడా తేడా ఇంత ఉంటే దాన్ని ఫార్మలిన్ మీదికి తోసెయ్యలేం. నిజమే, తోసెయ్యకూడదు. అయితే ఆ తేడాలో మరో పెద్ద భాగం వయసుది. ట్రిపుల్ నెగటివ్ చిన్న వయసులో ఎక్కువ. మన జనాభాలో చిన్న వయసు వాళ్ళు ఎక్కువ. యాభై దాటిన వాళ్ళలో వచ్చే గ్రాహకం ఉన్న రకాలు ఇక్కడ తక్కువగా కనిపించడంతో మిగతా వాటి వాటా ఉబ్బుతుంది. వాటా పెద్దదైనంత మాత్రాన లక్ష మందిలో అలాంటి కేసులు ఎక్కువని కాదు. జన్యువుల పాత్రా ఉంటుంది, బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్నవాళ్ళలో ఈ రకమే ఎక్కువ. ఈ మూడింటినీ విడదీయగలిగేది నమ్మదగిన దిమ్మలూ, జనాభా ఆధారిత లెక్కలూ కలిసినప్పుడే. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా హైదరాబాదు జిల్లాలో, లక్ష మంది స్త్రీలకు 48 అని ఉంది. అది హైదరాబాదులో నివసించేవాళ్ళ లెక్క. నల్లమల పల్లెలకు దాన్ని అన్వయించడం కుదరదు.

ఇప్పుడు మందు సంగతి. హెర్2 కథలో నా వాదన తేటగా కనిపిస్తుంది. 1987లో స్లామన్ బృందం 189 కణితులు పరీక్షించి, దాదాపు 30 శాతంలో హెర్2 జన్యువు అనేక ప్రతులుగా పెరిగిపోయిందని, అలాంటి స్త్రీలు త్వరగా చనిపోతున్నారని రాసింది. ఆ ప్రోటీన్‌నే పట్టుకునే ట్రాస్టుజుమాబ్‌కు 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. 2005 నాటికి తొలిదశలో వాడితే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని తేలింది. అత్యంత భయపెట్టే రకం ఒక్కసారిగా మందున్న రకం అయింది, కొనగలిగిన వాళ్ళకు. భారతదేశం 1994లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం చేసింది; ఆ ప్రకారం 2005లో మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు తిరిగి వచ్చాయి. ఆ సంతకం నాటి ప్రధాని పి.వి. నరసింహారావు, 1991 ఉప ఎన్నికలో ఆయన్ని లోక్‌సభకు పంపింది నంద్యాల. చరిత్రకు ఇలాంటి కొంటెతనం అప్పుడప్పుడూ ఉంటుంది, దాన్నుంచి పెద్ద నీతి లాగనక్కర్లేదు. 2013 ఆగస్టులో రోష్ కంపెనీ భారతదేశంలో ఈ మందు పేటెంటును వదులుకుంది. 2014 మొదట్లో బెంగళూరు బయోకాన్ తన సొంత ట్రాస్టుజుమాబ్‌ను విడుదల చేసింది, 440 మిల్లీగ్రాముల సీసా 57,500 రూపాయలు.

ఆ ధరకు లెక్క వేద్దాం. 60 కిలోల స్త్రీకి మొదటి మోతాదు 480 మిల్లీగ్రాములు, తర్వాత మూడు వారాలకొకసారి 360 చొప్పున ఏడాదిలో 17 మోతాదులు. మొత్తం 6,600 మిల్లీగ్రాములు, సరిగ్గా 15 సీసాలు, 8,62,500 రూపాయలు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై మరుసటి ఏటికి రాష్ట్రమంతా వ్యాపించిన ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాది పరిమితి లక్షన్నర, మరో యాభై వేలు అదనం. అంటే తగ్గిన ధరకు కూడా పథకం మొత్తం కలిపితే నాలుగోవంతు రాదు. ఫిన్లాండులో 2006లో వెలువడిన ఒక పరీక్ష తొమ్మిది వారాల చిన్న కోర్సు కూడా మేలు చేస్తుందని చూపింది. దానికి 1,200 మిల్లీగ్రాములు, మూడు సీసాలు, 1,72,500 రూపాయలు. రెండు లక్షల గీత లోపల పడుతుంది. 2018లో జరిగిన పెద్ద పోలిక తొమ్మిది వారాలు ఏడాదితో సమానమని రుజువు చేయలేకపోయింది. అదే ఏడు బ్రిటన్ పరీక్ష ఆరు నెలలు చాలని చెప్పింది. అంతకు ముందు మన వైద్యులు చిన్న కోర్సు వైపు మొగ్గారంటే అది శాస్త్రానికి ఎదురు తిరగడం కాదు, సీసాల లెక్క. తర్వాత పోటీ కంపెనీలు రావడంతో ధరలు ఇంకా దిగాయి, 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పథకపు పరిమితిని 25 లక్షలకు పెంచింది. హెర్2 రిపోర్టు నంద్యాల రోగికి అక్కరకొచ్చే కాగితం అయింది ఈ మార్పుల మధ్యనే. 1987లోనూ కాదు, 1998లోనూ కాదు.

మందు లేకపోయినా గుర్తుకు విలువ ఉంటుందని, జబ్బు తీవ్రతను ముందే చెబుతుందని ఒక అభ్యంతరం. జర్మనీలోని కీల్ నగరంలో 1983లో యోహానెస్ గెర్డెస్ బృందం కనిపెట్టిన కేఐ-67 అలాంటిదే: కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చూపిస్తుంది. దాని పేరులోని 67 పరీక్ష పళ్ళెంలో ఆ నమూనా ఉన్న గుంట సంఖ్య. ఎంత శాతం దాటితే ఎక్కువ అనాలో నేటికీ తగవే; ఒకే పలకను ఇద్దరు చదివితే రెండు అంకెలు వస్తాయి. తీవ్రత చెప్పి ఊరుకునే గుర్తు, సుశ్రుతుడి అసాధ్యం అన్న మాట కన్నా రోగికి పెద్దగా ఎక్కువ ఇవ్వదు. వైద్యుడికి మాత్రం ఇస్తుంది, ఒప్పుకుంటాను.

ట్రిపుల్ నెగటివ్ విషయంలో అభ్యంతరం మరింత లోతైనది: అది లేమి మీద పెట్టిన పేరు కదా, దానికి మందు ఎలా తోడవుతుంది? దీనికి జవాబు భీమవరం నుంచి మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1940ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసిన బృందాన్ని నడిపించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి దాని పనిని అడ్డగించే పదార్థాలు అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని 1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చాడు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి, ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. వాటిలో మరొకటి మెథోట్రెక్సేట్. 1951లో జేన్ రైట్ అది రొమ్ము కణితులను కరిగించగలదని చూపింది. 1976లో మిలాన్‌లో జియాన్నీ బోనడోన్నా దాన్ని మరో రెంటితో కలిపి శస్త్రచికిత్స తర్వాత ఇచ్చే కోర్సుగా నిలబెట్టాడు. సీఎంఎఫ్ అనే ఆ కోర్సులో నడిమి అక్షరం మెథోట్రెక్సేట్‌ది. చవకైనది కాబట్టి మన ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు అదే నడిచింది, ఏ ప్రోటీనూ చూడకుండా. ఆ తర్వాత జరిగినదే అసలు ముచ్చట. 1988 నుంచి 1999 వరకు సీఎంఎఫ్ మీద జరిగిన రెండు అంతర్జాతీయ పరీక్షల్లోని పాత దిమ్మలను తీసి, కొత్త ప్రతిదేహాలతో మళ్ళీ రంగు వేసి 2010లో ఫలితం ప్రకటించారు. చంకలోని గ్రంథులకు జబ్బు పాకని స్త్రీలలో ఆ కోర్సు అందరికన్నా ఎక్కువ మేలు చేసింది ట్రిపుల్ నెగటివ్ వాళ్ళకే. ఆ కణితులకు ఆ పేరు పెట్టడానికి చాలా ముందే మందు వాటి మీద పనిచేసింది. ఇటీవలి ఉదాహరణ టాటా మెమోరియల్‌ది: 2010 నుంచి 720 మంది ట్రిపుల్ నెగటివ్ స్త్రీలతో నడిపి 2022లో వెల్లడించిన పరీక్షలో కార్బోప్లాటిన్ అనే పాత, చవక మందు కలిపితే యాభై ఏళ్ళు, అంతకు తక్కువ వయసు వాళ్ళలో బతికినవాళ్ళ శాతం చెప్పుకోదగ్గంతగా పెరిగింది, పెద్దవాళ్ళలో పెరగలేదు. కాబట్టి లేమి కూడా గుర్తే, దానికి తగిన మందు ఉన్నంతవరకు. ఖరీదైన ప్రతిదేహ మందులు లేనిదే ఈ రకానికి దిక్కు లేదనడం తొందరపాటు.

మిగిలింది అన్నిటికన్నా న్యాయమైన అభ్యంతరం. ఆళ్ళగడ్డ పక్క పల్లెలోనో, సున్నిపెంట చుట్టూ ఉన్న చెంచు గూడేల్లోనో స్త్రీ ఆసుపత్రికి వచ్చేసరికే గడ్డ పుండై ఉంటే ప్రోటీన్ల గొడవ దేనికి, ముందు త్వరగా పట్టుకోండి అని. శ్రీశైలం నుంచి కర్నూలుకు 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పులుల అడవి గుండా పోయే దోర్నాల దారి రాత్రి 9 దాటితే మూసేస్తారు. ఆలస్యానికి కారణాలు వెతకనక్కర్లేదు. అయినా ముంబయిలో 1998 నుంచి 1,51,538 మంది స్త్రీలతో ఇరవై ఏళ్ళు నడిచి 2021లో వెలువడిన పరీక్ష ఈ అభ్యంతరానికి సగం జవాబే ఇస్తుంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తే యాభై ఏళ్ళు, ఆపైన ఉన్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్ళలో తగ్గలేదు. ఉధృతమైన రకాలు రెండు పరీక్షల మధ్య విరామంలోనే పెరిగి బయటపడతాయి, అవి ఎక్కువగా వచ్చేది ఆ చిన్న వయసు వాళ్ళకే. పెద్దవాళ్ళకు ఆశా కార్యకర్త చేయి, చిన్నవాళ్ళకు గడ్డ కనిపించిన వారంలోపు సూది బయాప్సీ, సరైన ఫార్మలిన్. రెండో పనికి కావలసిన ఖర్చు నిజానికి తక్కువే, కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో ఇప్పుడు రాష్ట్ర క్యాన్సర్ సంస్థ కూడా ఉంది.

గుర్తుకు మందే ప్రాణం అనడానికి ఇంకా రుజువు కావాలంటే 2022 జూన్ చూడాలి. హెర్2 పరీక్షలో రంగు గాఢతను 0, 1+, 2+, 3+ అని రాస్తారు. 3+ అయితే ఉన్నట్టు. 2+ అయితే జన్యు పరీక్షతో తేల్చాలి. 0, 1+ రెండూ లేనట్టే. ఇరవై ఏళ్ళకు పైగా 0కీ 1+కీ తేడా ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకుని చేసేదేమీ లేదు కనుక. ట్రాస్టుజుమాబ్‌కు విషపు బరువు తగిలించిన డెరక్స్‌టెకాన్ మందు 1+, జన్యు పరీక్షలో లేదని తేలిన 2+ ఉన్న ముదిరిన కణితుల మీద కూడా పనిచేస్తుందని ఆ నెలలో తేలగానే హెర్2-లో అనే కొత్త రకం పుట్టింది. కణితి మారలేదు, ప్రోటీన్ మారలేదు, పలక మీది రంగూ మారలేదు. నిన్నటిదాకా ట్రిపుల్ నెగటివ్ అనిపించుకున్న వాళ్ళలో కొందరు ఇవాళ వేరే వరుసలో ఉన్నారు. ఆ మందు ధర ఇక్కడి మామూలు కుటుంబానికి అందేది కాదు, కాబట్టి నంద్యాల వరకూ ఆ రకం ఇంకా కాగితం మీదే ఉంది. ధర దిగిన రోజున ఎవరికి అది వర్తిస్తుందో తేల్చాలంటే పాత రిపోర్టులో నెగటివ్ అన్న ఒక్క మాట చాలదు, అంకె ఉండాలి. అంకె లేకపోతే దిమ్మ ఉండాలి. ఆసుపత్రి మారేటప్పుడు దిమ్మను చిన్న కవరులో పెట్టి రోగి బంధువుల చేతికివ్వడం మన దగ్గర మామూలు. అది తిరిగి ఏ అలమారాకూ చేరదు.